నా బండి కింద పెట్రోల్ బొట్టుకు బహిరంగ లేఖ

ఓ బొట్టూ,

నీ క్షేమం అడగను. పొద్దున్నే మెట్లు దిగుతుంటేనే నీ వాసన చెప్పేస్తుంది. హైదరాబాద్ కృష్ణానగర్‌లో మా అద్దె ఇంటి మెట్ల పక్కన, నా పాత స్ప్లెండర్ కింద, రాత్రంతా ఒక్కొక్కటిగా రాలి తెల్లారేసరికి అరచేయంత మచ్చ వేసి ఉంటావు. ఓనరమ్మ దాని మీద ఇసుక పోయించి, "బాబూ, నీ బండి జబ్బుకి మా కొంప అంటుకునేట్టుంది" అంది. ఆవిడది చాదస్తం కాదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. మా మెట్ల కింద ఎవడో ఒకడు సిగరెట్ ముట్టించకుండా ఒక్క రాత్రీ గడవదు.

నేను సహాయ దర్శకుణ్ణి. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ వచ్చాక, మద్రాసులోని తెలుగు సినిమా మెల్లగా ఇటు తరలాక, కొండ మీద స్టూడియోలూ బంగళాలూ వెలిశాయి. కొండ కింద మా ఇరుకు గదులు వెలిశాయి. 2008లో పూరి జగన్నాథ్ 'నేనింతే' తీస్తే అందులో రవితేజ చేసింది మా ఉద్యోగమే. తెల్లవారుజామున ఐదింటికి జూనియర్ ఆర్టిస్టులు వ్యాన్ కోసం నిలబడే వేళకు నేను లొకేషన్ దారిలో ఉండాలి. ఆ వేళకు నువ్వు నా ట్యాంకు ఖాళీ చేసి ఉంటావు.

మొదట కాక్ కట్టేశాను. బండి ఆపగానే ట్యాంకు కింది పెట్రోల్ కాక్ 'ఆఫ్'కి తిప్పడం, పొద్దున 'ఆన్' చేయడం. నువ్వు ఆగావు. ఆరు నెలలు దాన్నే రిపేర్ అనుకున్నాను. కాక్ తిప్పడం మరిచిన రాత్రల్లా నువ్వు మళ్లీ హాజరు.

అప్పుడు చేశాను అసలు తప్పు. నువ్వు కార్బురేటర్ కప్పు అడుగున వేలాడే సన్నటి ఓవర్‌ఫ్లో పైపులోంచి వస్తున్నావని కనిపెట్టాను. ఆ పైపులో చిన్న స్క్రూ బిగించేశాను. మర్నాడు నేల పొడిగా ఉంది. ఓనరమ్మ టీ ఇచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

నాలుగు రోజులకు బండి నల్లగా పొగ కక్కింది. మెకానిక్ తమ్ముడు ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు చూశాడు. "అన్నా, ఇది ఆయిల్ కాదు, సగం పెట్రోలే" అన్నాడు. తర్వాత స్క్రూ చూసి చాలాసేపు నవ్వాడు. నవ్వాపుకుని చెప్పాడు: "బయటికి పోనీయకపోతే అది లోపలికి పోతది."

ఆ కప్పులో ఏం జరుగుతుందో అతను విప్పి చూపించాకే నువ్వు నాకు అర్థమయ్యావు. లోపల ఫ్లోట్ అనే చిన్న తెప్ప ఉంటుంది. పెట్రోల్ నిండుతుంటే తెప్ప తేలి పైకి లేస్తుంది, మీదున్న నీడిల్‌ను నెట్టి దారి మూస్తుంది. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ పనే అది, లోపల మంది చాలు అనగానే గేటు వేయడం. నీడిల్ మూసుకోకపోతే కప్పు పొంగుతుంది. పొంగింది ఓవర్‌ఫ్లో పైపులోంచి నేల మీద పడాలి. ఆ దారి నేను మూస్తే, పెట్రోల్ ఇన్‌టేక్ వైపు పొర్లి, సిలిండర్‌లోకి దిగి, రింగుల సందుల్లోంచి ఆయిల్‌లో కలిసింది. పలచబడ్డ ఆయిల్‌తో ఇంకో నెల తిప్పి ఉంటే ఇంజిన్ పోయేది.

అంటే నువ్వు రోగం కాదు, రోగం కబురువి. నేను కబురు తెచ్చినవాడి నోరు కట్టేశాను.

నీడిల్ ఎందుకు మూసుకోలేదో తమ్ముడు వరసగా వెతికాడు. కప్పు అంచుల్లోంచి కారితే గ్యాస్‌కెట్ పోయినట్టు, అడుగు స్క్రూ దగ్గర కారితే అది వదులైనట్టు, పైపులోంచి కారితే తప్పు నీడిల్ దగ్గరో ఫ్లోట్ దగ్గరో ఉన్నట్టు. ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపాడు. లోపల పెట్రోల్ గలగల వినిపిస్తే అది చిల్లుపడి బరువెక్కినట్టు. వినిపించలేదు. కార్బురేటర్‌ను తలకిందులు చేసి, ఫ్లోట్ బరువుతో నీడిల్ మూసుకునేలా పెట్టి, పెట్రోల్ వచ్చే గొట్టంలో ఊదాడు. గాలి సులువుగా పోయింది. "పిన్ కూసుంటలేదన్నా, అరిగింది" అన్నాడు. నీడిల్ మొన మీద వెంట్రుకవాసి గీత. ఆ నీడిల్ కూర్చునే సీటు మీద గోధుమరంగు పొడి: ట్యాంకు తుప్పు.

ఆ తుప్పు ఎక్కడిదని అడిగాను. "ఇప్పటి పెట్రోల్‌ల ఇథనాల్ ఉంటది కదా, నీళ్లు గుంజుకుంటది" అన్నాడు. ఇప్పుడు బంకుల్లో అమ్మేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. నిలవ ఉంటే తేమ పట్టి నీళ్లు అడుక్కి చేరతాయి, పాత బండి రబ్బర్లకూ అది అంతగా పడదు. నా బండేమో షూటింగ్ లేని వారాల్లో కదలకుండా పడి ఉంటుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక కొత్త బైకుల్లో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే, ఈ కప్పూ తెప్పా చూసేది ఇక మా పాత బండ్లవాళ్లమే.

ట్యాంకు కడిగాడు, కొత్త నీడిల్ వేశాడు, కాక్ ఫిల్టర్ మార్చాడు, ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోశాడు. చివర్లో అడుగు గొట్టానికి ట్రాన్స్‌పరెంట్ పైపు తగిలించి పైకి పట్టుకుని అడుగు స్క్రూ వదులు చేశాడు. పైపులో పెట్రోల్ కప్పు అతుకు దగ్గరికి వచ్చి ఆగింది. ఆగి అక్కడే నిలబడింది. షాట్ ఓకే అయినప్పటి నిశ్శబ్దం.

ఆ రాత్రి కాక్ కట్టకుండానే, బండి కింద పాత కాల్‌షీటు పరిచి పడుకున్నాను. పొద్దున చూస్తే కాగితం పొడిగా ఉంది. కాక్ కట్టే అలవాటు మాత్రం మానను, అది మంచిదే. ఓవర్‌ఫ్లో పైపు నోరు ఇక మూయను. ఎప్పుడైనా చెప్పాల్సింది ఉంటే నువ్వు రావాలి కదా.

ఇంకో మాట. మూడేళ్లుగా నాన్న ఫోన్ చేసి "సినిమా ఓకే అయిందా?" అంటే "అయినట్టే నాన్నా" అంటున్నాను. ఆదివారం మళ్లీ అడిగాడు.

"కాలేదు నాన్నా" అన్నాను.

కాసేపు ఆగి, "సరే, తిన్నావా?" అన్నాడు.

ఇట్లు,
స్క్రూ బిగించినవాడు