ఏడుంబావు కొలువు

అమెరికా వర్సిటీలో మనవాడికి కొలువు దొరికింది. క్యాంటీన్‌లో గిన్నెలు తోమడం. ఇంట్లో తిన్న కంచం తీసిన పాపాన పోలేదు లెండి! సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు మించకూడదు. ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు; 2009 నుంచి సెంటు కదల్లేదు. ఫీజులకు మాత్రం ఇంత నిలకడ అబ్బలేదు.

ఎఫ్-1 విద్యార్థి వీసా వాళ్లకు మొదటి ఐదేళ్లూ జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను కోతలుండవు. సంతోషం. మరి పైసా సంపాదించనివాడు హాయిగా పడుకోవచ్చా? కుదరదు. దేశంలో ఎన్ని రోజులున్నాడో లెక్కగట్టి పన్నుల శాఖకు ఫారం 8843 పంపాల్సిందే. హైదరాబాద్‌లో నాన్నను విద్యారుణం వడ్డీ అడిగే బ్యాంకుకైతే ఇన్ని ఫారాలక్కర్లేదు, ఒక్క ఫోన్ చాలు!