కౌబాయ్ తోలు తొడుగు కుట్టించుకునేవారికి తలకిందుల సలహాలు

తెనాలి పక్కనే బుర్రిపాలెం. 1971లో ఆ ఊరి కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’లో టోపీ పెట్టి గుర్రం ఎక్కిన దగ్గర్నుంచి మన వైపు కుర్రాళ్లకు కౌబాయ్ మోజు పట్టుకుంది. 2002లో మహేష్‌బాబు ‘టక్కరి దొంగ’ దాన్ని మరో తరానికి అందించింది. టోపీ, బూట్లు బజార్లో దొరుకుతాయి. ప్యాంటు మీద కట్టుకునే తోలు తొడుగు, అదే చాప్స్, ఒంటి కొలతకు కుట్టించుకుంటేనే అక్కరకొస్తుంది. నేను చెప్పేవి వినగానే తప్పనిపిస్తాయి. మేస్త్రి కూడా అడ్డం తిరగొచ్చు. మీరు మాత్రం పట్టు వదలొద్దు.

1. వెనక తోలు వేయించొద్దు. సీటు దగ్గర ఖాళీగా ఉండాలి. రౌతు ప్యాంటుతోనే జీను మీద కూర్చుంటాడు. ఈ తొడుగు పని కాళ్లకు ముళ్లు గీరుకోకుండా చూడటం. మెక్సికో పశువుల కాపరులు ముళ్లపొదల్లో తిరగడానికి కట్టుకున్నదే ఇది. బాపట్ల నుంచి నిజాంపట్నం దాకా తీరం వెంట కనిపించే సర్కారు తుమ్మ కూడా ఆ అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. టెక్సాస్ కాపరుల కాళ్లు చీరిన మెస్కీట్ ముళ్లపొదకి దగ్గర చుట్టం. ఆ కంపలోకి ఒక్కసారి వెళ్లొస్తే తోలు విలువ తెలుస్తుంది.

2. నిలబడి కొలతలివ్వొద్దు. కూర్చుంటే మోకాలు వంగి తొడుగు పైకి లాక్కుంటుంది. గుర్రం దొరక్కపోతే బల్ల మీద ధాన్యం బస్తా అడ్డంగా వేసి, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోండి. రోజూ వేసుకునే ప్యాంటు మీదే టేపు పెట్టించండి. నిలబడినప్పుడు పొడవెక్కువగా కనబడితే కొలత సరిగ్గా వచ్చినట్టే.

3. ముందు కట్టు గట్టిగా వేయించొద్దు. బొడ్డు దగ్గర రెండు కాళ్లనూ కలిపేది సన్నటి తోలు దారమే కావాలి. జీను కొమ్ముకి నడుం పట్టీ తగులుకుంటే ఆ దారం పుటుక్కున తెగి మనిషిని వదిలేయాలి. అక్కడ ఇనప బకిల్ బిగిస్తే గుర్రం బెదిరిన రోజున మనిషి దానికి వేలాడతాడు. బకిల్ వెనక్కి పెట్టించండి.

4. కాలంతా కప్పించొద్దు. చీలమండ దాకా గొట్టంలా ఉండేది చలిదేశాలకు నప్పుతుంది. మన ఎండలకు మోకాలు దాటి కాస్త కిందికి దిగే పొట్టి రకం, ‘చింక్స్’, చాలు. గాలాడుతుంది, దిగి నడవడానికీ హాయి.

5. మెత్తటి తోలు ఏరుకోవద్దు. చేతికి మెత్తగా తగిలేది తరచు పొట్ట భాగం. అది సాగిపోతుంది. వీపు తోలు అడగండి. దాదాపు రెండు మిల్లీమీటర్ల మందం ఉంటే ముల్లు దిగదు. మొదటి వారం బిర్రుగా ఉంటుంది, ఓర్చుకోండి. ఒంటి వేడికి అదే మీ మోకాలి వంపు నేర్చుకుంటుంది.

6. మిషన్ కుట్టు నున్నగా ఉందని మురిసిపోవద్దు. ఒకచోట తెగితే వరసగా ఊడుతుంది. చేతికుట్టు చూడండి: మేస్త్రి ఆరెతో చిల్లు పొడిచి, మైనం పట్టించిన దారానికి రెండు కొసలా సూదులు కట్టి, ఒకే చిల్లులోంచి అటూ ఇటూ దూర్చి రెండు చేతులా లాగుతాడు. ఒక పోగు తెగినా రెండోది పట్టే ఉంటుంది.

7. భద్రంగా కవర్లో దాచొద్దు. రేపల్లె, బాపట్లల సముద్రపు గాలికి ప్లాస్టిక్‌లో పెట్టిన తోలు వానాకాలంలోనే బూజు పడుతుంది. నీడన, గాలి తగిలేలా వేలాడదీయండి. తడిస్తే ఎండలో పడేయొద్దు, పెళుసెక్కి పగుళ్లిస్తుంది. పొడిగుడ్డతో తుడిచి నెమ్మదిగా ఆరనివ్వండి.

చివరిగా, బేరమాడొద్దు. చెప్పుల అంగట్లో కూర్చున్న పెద్దాయనకు ఈ తొడుగు పేరు తెలియకపోవచ్చు, తోలు సంగతి మాత్రం మనందరికంటే ఆయనకే బాగా తెలుసు. బొమ్మ చూపించండి, పక్కన కూర్చోండి, అడిగినంత కూలివ్వండి. కొలత మీది, కుట్టు ఆయనది. ఆ రెండూ కుదిరితే తొడుగు ఏళ్ల తరబడి నిలుస్తుంది.