దొంగ అనెడి బిరుదము

దొంగ యనగా చోరుడని పసివాడైనను చెప్పగలడు. అయినను, ఒకరి సొమ్ము పూచికపుల్లయు ముట్టకయే ఈ బిరుదమును సంపాదించినవి మన భాషలో నెన్ని లేవు! దొంగనిద్ర, దొంగయేడుపు, దొంగజ్వరము: వీనివలన నెవ్వరి పెట్టెయు పగులలేదు, లేనిది ఉన్నట్లు చూపబడినది, అంతియే. ఉన్నదానిని మాయము చేయువానికిని లేనిదానిని కల్పించువానికిని ఒక్కటే పేరు పెట్టిన పూర్వుల న్యాయదృష్టి కొనియాడదగినదే.

అయితే ఆదాయపు పన్ను ఒక మొత్తమునకు పైబడినవారికే వర్తించును. ఈ బిరుదము ఆ మొత్తమునకు లోబడినవారికే. లెక్కలు చేయని కుర్రవాడు బడివేళకు కడుపు పట్టుకొన్నచో నది దొంగనొప్పి. వారంటు గడప తొక్కకమునుపే పెద్దమనిషి రొమ్ము పట్టుకొన్నచో నది అస్వస్థత, దానికి చల్లని గదియు, పూటపూటకు వైద్యుల ప్రకటనయు గలవు. పిలిచినను పలుకని పనివానిది దొంగచెవుడు. అర్జీదారు మొర యేండ్ల తరబడి వినబడని అధికారిది, కాగితము మీద, పరిశీలన.

నాటకములోని కపటమునకును ఈ బిరుదము దక్కదు. 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడిన కన్యాశుల్కమునందు కరటకశాస్త్రి శిష్యునకు ఆడువేషము కట్టి లుబ్ధావధానులకు పెండ్లి చేయును; ముసలివాడు పసిపిల్లను కొనదలచినవాడు గనుక మనము చప్పట్లు కొట్టుదుము. చుట్టపొగతో పాటు సంఘసంస్కరణమును గుప్పుగుప్పున వదలిన గిరీశమునైనను దొంగసంస్కర్త యనరు, గడుసువాడందురు. ఇంగ్లీషు వచ్చినవాడు గదా!

వీని యన్నిటికంటెను ‘వేషాలు వేయకు’ అను గద్దింపు నాకు మిక్కిలి యన్యాయముగ తోచును. పగటివేషగాడు తనది వేషమేనని ఊరెల్ల నెరుగగా, రాత్రి నాటకమునకు గల దీపముల మరుగైనను లేక, పట్టపగలు, చేయి చాచిన నందునంత దూరమున నిలుచును. అర్ధనారీశ్వర వేషమున సగము మేను తెరచాటున నుంచి శివుడై, మరలి నిలిచి పార్వతియై, ఆలుమగల నొక్క దేహముననే చూపి, ఇల్లాలు చేటతో తెచ్చిన బియ్యమును జోలెలో పోయించుకొని తన దారిని తాను పోవును. కూచిపూడి భాగవతులును ఈ విద్యను ఆదరించినవారే. ఇందు కపటమెక్కడ? చూచువాడు మోసపోలేదు, చూపువాడు దాచలేదు. బియ్యమైనను అడిగియే పుచ్చుకొనెను.

కావున, పాఠకమహాశయులారా, ఆసుపత్రి పడకమీది పెద్దమనుషులను వేషగాండ్రని పిలిచి ఆ కళాకారులను అవమానింపకుడు. పెద్దమనుషులకు పాత మాటయే, కుర్రవాని కడుపునొప్పికి మనము ధారాళముగ వాడునదియే, చక్కగ సరిపోవును.