చద్దరంత చేప

సోలాపూర్ నుంచి సముద్రం చూడాలంటే ఏ దారిన పోయినా 300 కిలోమీటర్ల పైమాటే. అయినా మన సాలోళ్ల పూర్వభాగంలో గల్లీకో సముద్ర పండితుడు ఉంటాడు. కన్నా చౌక్‌లో చాయ్ తాగుతూ అలల పోకడ చెప్తాడు. అశోక్ చౌక్‌లో పాన్ కట్టించుకుంటూ గాలి ఎటు తిరిగిందో చెప్తాడు. మీ గల్లీలో ఆయనెవరో మీకు తెలుసు. మా గల్లీలో ఆ పదవి మా మేనమామది. పేరు రాస్తే నన్ను గడప తొక్కనివ్వడు గనక మామ అనే అంటాను.

మామ వాళ్ల తాత కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాడు. 1877లో మొదలైన జూనీ మిల్లు పేరు విని మూటాముల్లె సర్దుకుని ఇటు నడిచిన పద్మశాలీల్లో ఆయనొకడు. ఆ మూటలో గాలం ఉన్నట్టు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. ఆ గాలం పిచ్చి మామ స్వయంగా సంపాదించుకున్నదే. తుల్జాపూర్ రోడ్డు మీద ఇంగ్లీషువాళ్లు 1871లో కట్టిన హిప్పర్గా చెరువు దగ్గర మొదలైంది. గోధుమపిండి ఉండతో చిన్న చేపలు పడేవి. అక్కడి నుంచి ఉజనీ డ్యామ్‌కు ఎగబాకాడు. ఉజనీ నీళ్లు మన నల్లాలోకి వస్తాయి గనక అందులోని చిలాపీ చేపలు కూడా మనవేనని ఆయన వాదం. ఆ తర్వాత కొడుకు స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాడు. ఆ ఫోన్‌లో ఎవరో విదేశీయుడు పడవలో కుర్చీకి తనను తాను కట్టేసుకుని, మనిషికంటే పెద్ద టూనాతో గంటల తరబడి కుస్తీ పట్టడం మామ చూశాడు. చిలాపీకి ఆ రోజుతో మర్యాద పోయింది.

ఇక మొదలయ్యాయి లెక్కలు. 1979లో కెనడా నోవా స్కోషియా దగ్గర ఒకడు గాలానికి పట్టిన టూనా 679 కిలోలు. 2019 జనవరిలో టోక్యో వేలంలో 278 కిలోల టూనా 33 కోట్ల యెన్‌లకు పైగా పలికింది. ఈ రెండు అంకెలూ మామకు సొంత పిల్లల పుట్టినరోజులకంటే బాగా గుర్తు. అవి బ్లూఫిన్ అనే జాతి, మన సముద్రంలో తిరిగేది ఎల్లోఫిన్, దాన్నే కొంకణ్ తీరాన మాల్వణ్‌లో కుపా అంటారు, విశాఖలో రెక్క సూర అంటారు అని నేనొకసారి చెప్పబోయాను. "అరె అల్లుడా, నెమలి డిజైన్‌ది ఐనా పూల డిజైన్‌ది ఐనా చద్దర్ చద్దరే కద" అన్నాడు. సాంచా (మరమగ్గం) మీద ఒక డిజైన్ బదులు ఇంకో డిజైన్ దిగితే మాత్రం ఇదే మనిషి కార్ఖానా పైకప్పు లేపుతాడు.

ఆ మాట నేను ఊరికే అనలేదు. కార్ఖానాలో మామ చూపు భూతద్దం. సాంచా ఆడుతుండగానే వేల పోగుల పడుగులో తెగిన ఒక్క పోగును దూరం నుంచే కనిపెడతాడు. ఆపుతాడు, వంగుతాడు, ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు కొసలూ అడ్డంగా పెట్టి, ఒకదాన్ని గోరు చుట్టూ తిప్పి, కిందికి నొక్కి లాగుతాడు. మనం రెప్ప వేసి తెరిచేసరికి ముడి పడుతుంది. తప్పు పోయిన చద్దరుకు సేటు కూలి కోస్తాడు. అందుకని వారమంతా మామ పోగు లెక్కనే బతుకుతాడు, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. చేప దగ్గరికి వచ్చేసరికి మాత్రం లెక్క కోసే సేటు ఎవడూ ఉండడు.

ఇంకో సంగతి చెప్పాలి. తెగిన పోగుకు మనం వేసే ముడీ, వల అల్లేవాడు కన్ను కన్నుకూ వేసే ముడీ ఒకటే. ఇది తెలిసిన రోజు మామ పద్మశాలీలకూ చేపలు పట్టే కోలీలకూ వియ్యం కలిపేశాడు. సాక్ష్యం కూడా చూపిస్తాడు: శ్రావణ పున్నమి నాడు మనం జంధ్యాలు మార్చుకుని మార్కండేయుడి రథం ఊరేగిస్తాం, అదే నారళీ పున్నమి నాడు కోలీలు సముద్రానికి కొబ్బరికాయ ఇచ్చి పడవలు దించుతారు. "ఒకే దినం, ఒకే ముడి. ఇంకేం గావాలె?" అని అడుగుతాడు. జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. నిజం చెప్పాలంటే ఆ వాదన నాకు నచ్చింది కూడా.

చివరికి టూనా కోసం మాల్వణ్ పోదామన్నాడు మామ. ఆ యాత్రకు డబ్బు భిషీ (చీటీ) పెట్టి పోగేశారు. నలుగురు కార్ఖానా దోస్తులు, వెంట నేను. అత్త బీడీలు చుడుతూ తలెత్తకుండానే, "సముద్రంల పారేసేదుంటే నారళీ పున్నానికి ఓ కొబ్బరికాయ పారేయిండ్రి, సస్తల పోతది" అంది. తంబాకు నింపిన ఆకు ఆమె వేళ్లలో ఆగనే లేదు.

జీపులో రాత్రంతా మామ ఉపన్యాసం. పడవలో కడుపు తిప్పకుండా ఉండాలంటే దూరంగా ఆకాశం నీటిని తాకే గీత వైపు చూడాలట, కిందికి చూడకూడదట, ఖాళీ కడుపుతో ఎక్కకూడదట. అన్నీ సరైన మాటలే. తెల్లవారుజామున పడవ ఎక్కాం. రేవు దాటి అలలు మొదలవగానే ఆ గీత వైపు చూస్తూనే మామ మొదటి వాంతి చేసుకున్నాడు. మిగతావాళ్లకు ఏమీ కాలేదు. కడక్ భాకరీ, శేంగా చట్నీ విప్పి ఆయన వాటా కూడా తినేశారు. మామ చద్దర్ కప్పుకుని మూలన కూర్చుని, ముఖం బయటపెట్టినప్పుడల్లా పడవ నడిపే తాండేల్‌కు ఎటు తిప్పాలో సలహా ఇస్తూనే ఉన్నాడు.

తాండేల్ మంచివాడు. పెద్ద కుపా కావాలని మామ అంటే నవ్వాడు. ఆయన చెప్పిన సంగతిది. కొంకణ్ వైపు చాలా దూరం వరకు సముద్రం లోతు తక్కువే. పెద్ద కుపాకు లోతు కావాలి. నీళ్లు నల్లటి నీలంలోకి మారే చోటికి పోవాలంటే పొద్దున పోయి సాయంత్రం వచ్చే పడవతో కాదు. ఇటు దొరికేవి సుర్మయి, బాంగ్డా, అదృష్టం ఉంటే చిన్న కుపా. విశాఖ వైపు లోతు తొందరగానే వస్తుంది. అందుకే అక్కడి జాలర్లు చిన్న ఫైబర్ పడవల్లో, చేత్తో వదిలే తాడుతో రెక్క సూరలను పట్టుకొస్తారు. కుర్చీ లేదు, రీలు లేదు, అరచేతుల్లో తాడు కోసిన గాట్లే. మామ ఇదంతా శ్రద్ధగా విని, "మల్ల ఆ నల్ల నీళ్ల దాంక పోదాం, డీజిల్ పైసలు నేనిస్త" అన్నాడు. ఇచ్చేది భిషీ అని దోస్తులు గుర్తుచేశారు.

గాలం వేసే ముందు మామ పట్టుబట్టి మన ముడే వేశాడు. నూలు పోగు మీద ఆ ముడి బిగుసుకుంటుంది. నైలాన్ తీగ నున్నగా ఉంటుంది, పట్టు దొరకక జారుతుంది. తాండేల్ వద్దన్నాడు. మూడు తరాల నుంచి తెగని ముడి అని మామ అన్నాడు. కాసేపటికి కర్ర ఒక్కసారి వంగింది, ముడి జారింది, తీగ వదులై నీటి మీద తేలింది. ఆ కొసన ఏముందో ఎవరూ చూడలేదు. బాంగ్డా కావచ్చు, నాచు కావచ్చు.

రెండోసారి తాండేల్ ముడేశాడు. ఈసారి రీలు చుయ్యిమని తిరగడం మొదలుపెట్టింది. మామ చద్దర్ తీసి పారేసి లేచాడు. అప్పుడు చూశాను ఆయన పనితనం. తీగ ఎంత వదలాలో, ఎంత బిగించాలో రీలు బ్రేకు మీద వేలితో చూసుకుంటూ, "బీము మీద పడుగు గిట్లనే ఇడవాలె. బిగిస్తె తెగుతది, వదిలితె బట్ట దొబ్బుతది" అని తనలో తాను గొణుక్కుంటున్నాడు. తాండేల్ చేయి వేయబోయి ఆగిపోయాడు. వాంతుల మనిషి జాడే లేదు. పైకి వచ్చింది చిన్న కుపా, నా మోచేతి నుంచి వేళ్ల కొస దాకా ఉంటుంది. నల్లటి వీపు, వెండి పొట్ట మీద విరిగిన గీతలు, పడవ చెక్క మీద దడదడ కొట్టుకునే తోక. మామ ఆ గీతల మీద వేలు పెట్టి ఇది జాకార్డ్ పనే అన్నాడు.

కథ ఇక్కడితో ఆగుంటే నేనీ వ్యాసం రాయకపోదును. తిరుగు దారిలో మామ పట్టిన చేపను పక్కన పెట్టి జారిపోయిన దాని గురించి మొదలుపెట్టాడు. కొల్హాపూర్‌లో చాయ్ తాగేటప్పుడు అది నాప్కిన్ అంత ఉంది. మిరజ్ దాటేసరికి చేతి టవల్ అయింది. సాంగోలాలో టర్కీ టవల్. మంగళ్‌వేఢా దగ్గర నిద్ర లేచి చూస్తే సింగిల్ చద్దర్ దాకా వచ్చింది. ఊళ్లోకి వచ్చాక దానికి అంచు కూడా పడింది. కిలోల్లో చెప్పమంటే చెప్పడు. పన్హా (వెడల్పు), పొడవుల్లోనే చెప్తాడు. వినేవాళ్లంతా సాలోళ్లే గనక ఎవరికీ సందేహం రాదు. రెండు చేతులూ చాపితే అది చద్దరో టవలో మనకు తెలిసిపోతుంది.

నేను ఆయన మాట కాదనాలనుకున్న సందర్భాలు ఉన్నాయి. ఒకసారి సిరిసిల్లలో మా అత్తగారింటికి పోతే బామ్మర్ది అడిగాడు, మీ మామ సముద్రంల ఏదో పెద్ద చేప ఇడిసిండట, ఎంతుంటది బావా అని. సిరిసిల్లవాళ్ల ముందు సోలాపూర్ పరువు ఎలా తీస్తాను? "డబుల్ బెడ్" అన్నాను.

ఇప్పుడు కొత్త భిషీ నడుస్తోంది. అండమాన్‌కు. అక్కడ పెద్ద టూనాల కోసమే పడవలు అద్దెకిస్తారని మామ ఫోన్‌లో చూశాడు. పేర్ల చిట్టాలో నాది రెండోది, నన్ను అడగకుండానే రాశాడు. అత్త తన పేరు తనే రాయించుకుంది. మొదటి నెల చీటీ ఆమెకే వచ్చింది. ఆ డబ్బుతో పెద్ద ఫ్రిజ్ కొంది. ఎందుకని అడిగితే, "చద్దరంత చేప తెస్తడట మీ మామ, పెట్టనీకి జాగ గావద్దా?" అంది.

మామ టేపు తెచ్చి లోపల అరలు తీసేసి కొలిచాడు. "టవల్ దాంకనైతె పడుతది" అన్నాడు.