మూడేళ్ల నాటి బ్రేకింగ్!

2024 ఏప్రిల్ నెలాఖరున మన టీవీ ఛానెళ్లకు ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. తన కొవిడ్ టీకా (మన కోవిషీల్డే) వల్ల బహు అరుదుగా రక్తం గడ్డకట్టొచ్చని ఆస్ట్రాజెనెకా లండన్ హైకోర్టులో ఒప్పుకుందట! ఇంకేం, తెరంతా ఎరుపు, మధ్యలో దడదడలాడే గుండె బొమ్మ, వెనక చావుడప్పు.

ఇదే సంగతి ఐరోపా ఔషధ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. అంటే మూడేళ్ల చద్దికి తాలింపు పెట్టి వడ్డించారన్నమాట. బ్రిటన్ లెక్కల్లో, మొదటి డోసు వేసుకున్న 10 లక్షల మందిలో ఆ ముప్పు కనిపించింది పదిహేను, పదహారు మందికి. అదీ ఎక్కువగా సూది పడ్డ కొద్ది వారాల్లోనే. ఎప్పుడో 2021లో వేయించుకున్న పెద్దాయన ఇప్పుడు ఛాతీ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. కానీ ఆ ముక్క చెప్పేస్తే రాత్రి తొమ్మిదింటి డిబేట్‌లో అరుచుకోవడానికి ఏం మిగుల్తుంది? అందుకే ‘అరుదుగా’ అన్నది చీమతలంత అక్షరాల్లో, ‘ప్రాణాంతకం’ అన్నది తెర పట్టనంత.

‘మీ గుండె భద్రమేనా? చిన్న విరామం తర్వాత...’

విరామంలో షుగర్‌ను నెలలో మటుమాయం చేసే చూర్ణం ప్రకటన. దాని దుష్ప్రభావాలపై డిబేట్ ఎప్పుడో ఇంకా ప్రకటించలేదు.