వంతెన మీద రావిచెట్టు పెంచడం ఎలా?

మన్యానికి పోస్టింగు వచ్చిందని దిగులు పడుతున్న ఇంజనీరు బాబూ, ముందు కూర్చుని టీ తాగండి. రోడ్లంటే కష్టమే గానీ, వంతెనల సంరక్షణ అంత సుఖమైన కొలువు ఇంకోటి లేదు. గుమ్మలక్ష్మీపురంలో పెరిగి, గెడ్డలు దాటి బడికెళ్లి, గెడ్డ పొంగిన రోజున బడి ఎగ్గొట్టినవాణ్ని, నా మాట నమ్మండి. ఏమీ చెయ్యకపోవడమే ఇందులో పనితనం. అదైనా ఒక పద్ధతిగా చెయ్యాలి కదా, అందుకే ఈ నాలుగు ముక్కలు.

రావిమొక్కతో మొదలెడదాం. విత్తనం కొననక్కర్లేదు, ఎరువు వెయ్యనక్కర్లేదు. పండు తిన్న కాకి పిట్టగోడ మీద వాలి తన పని తాను చేసుకుపోతుంది. స్లాబుకీ స్లాబుకీ మధ్య సందులో చారెడు మన్నుంటే చాలు. మా దారిలో ఒక చిన్న వంతెన ఉంది. మొదటి ఏడాది అక్కడ రెండాకులు చూశాను. గోటితో గిల్లితే ఊడేది. మరుసటి ఏడాదికి చూపుడువేలంత అయింది, కత్తి కావాలి. ఇప్పుడు మణికట్టంత లావు. వేరు స్లాబు కిందికి జారి, స్తంభాన్ని పాములా చుట్టి, బీటలో దూరి దాన్ని వెడల్పు చేసింది. ఇప్పుడు పీకితే మొక్కతో పాటు కాంక్రీటూ ఊడొస్తుంది. ఇంకో పదేళ్లు ఓపిక పట్టారా, ఎవరో ఒకరు దానికి పసుపు రాసి ఎర్రగుడ్డ కడతారు. ఇక దాన్ని ముట్టుకునే మొనగాడు ఏ శాఖలోనూ ఉండడు.

తర్వాత నీళ్లు. పిట్టగోడ మొదట్లో చెయ్యి దూరేంత గొట్టాలు కనిపిస్తాయి, వాన నీరు కిందికి పోవడానికి పెట్టినవి. వాటిని మూసే శ్రమ మీకు లేదు. జీడిమామిడి ఆకులు, లారీల మన్ను, చిప్స్ పొట్లాలు ఆ సంగతి చూసుకుంటాయి. గొట్టం పూడాక నీరు స్లాబు మీదే నిలుస్తుంది. నిలిచిన నీరు ఊరుకోదు, కాంక్రీటులోకి ఇంకి లోపలి చువ్వని పలకరిస్తుంది. చువ్వ తుప్పు పడుతుంది. ఇనుము కన్నా తుప్పుకి ఎన్నో రెట్లు చోటు కావాలి కాబట్టి లోపల ఉబ్బి, అడుగున ఉన్న కాంక్రీటుని పెచ్చులు పెచ్చులుగా రాలగొడుతుంది. వంతెన కిందికి దిగి తలెత్తితే బక్కచిక్కిన ఎద్దు పక్కటెముకల్లా చువ్వలు లెక్కపెట్టొచ్చు. మీరు మాత్రం దిగకండి. జారుడు, పాములు, ముళ్లకంపలు. పైగా చూశాక రాయాల్సి వస్తుంది.

వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి వంతెన చూడాలని పాత రివాజు ఒకటుంది. దాన్ని పాటించాలంటే జీపులోంచే చూడండి. వరద తగ్గాక వెళితే మరీ మంచిది. ఎందుకంటే ఉద్ధృతంగా పారేటప్పుడు నది స్తంభం మొదట్లో గొయ్యి తవ్వి, తగ్గేటప్పుడు ఆ గోతిని వదులు ఇసుకతో తానే పూడ్చి చదును చేసి పోతుంది. ఫొటోలో అంతా సవ్యంగానే పడుతుంది. మా వట్టిగెడ్డనే తీసుకోండి, పేరు చూస్తే వట్టిదే అనిపిస్తుంది. కొండ మీద రాత్రి కురిసిందంటే తెల్లారేసరికి అది వట్టిది కాదని తెలుస్తుంది.

అసలేమీ చెయ్యకపోతే జనం గొణుగుతారు కాబట్టి తారు వేయించండి. పాత పొర గీకొద్దు, దాని మీదే కొత్తది. లెక్క చెబుతాను: 30 మీటర్ల పొడవు, ఏడున్నర మీటర్ల వెడల్పున్న స్లాబు మీద 5 సెంటీమీటర్ల తారు పొర సుమారు 26 టన్నులు తూగుతుంది. నాలుగు ఎండాకాలాలు నాలుగు పొరలు వేస్తే వంద టన్నులు దాటిపోయింది. అంత బరువున్న లారీ వస్తే చెక్‌పోస్టులో ఆపుతారు. ఇది రాత్రీ పగలూ వంతెన మీదే నిలబడి ఉన్నా ఆపేవాడు లేడు. ఎండకి సాగడానికి స్లాబుల మధ్య వదిలిన సందుని కూడా అదే తారుతో కప్పేయండి. బస్సు దడదడలాడదు, ఈ ఇంజనీరు మంచోడంటారు. మంత్రిగారి పర్యటన ఉంటే పిట్టగోడకి నలుపు, పసుపు చారలు కొట్టించండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా మారింది కదా, ఆ రంగుతోనే విజయనగరం తుడిచేసి పార్వతీపురం మన్యం అని రాయించండి. సగం మరమ్మతు అయినట్టే.

ఇవన్నీ ప్రాథమిక తరగతులు. పైచదువు కావాలంటే కొమరాడ మండలం వెళ్లి, నాగావళి ఒడ్డున పూర్ణపాడు–లాబేసు వంతెన దగ్గర కాసేపు నిలబడండి. 2006 ప్రాంతంలో మొదలైంది. ఏళ్లూ పూళ్లూ ఏటి మధ్యన స్తంభాలే నిలబడ్డాయి. అదే మండలంలో జంఝావతి మీద రబ్బరు డ్యామ్ 2006లోనే ప్రారంభమైంది. రబ్బరు నదిని ఆపింది గానీ సిమెంటు మాత్రం నదిని దాటలేకపోయింది. అవతలి ఒడ్డు వాళ్లు పడవెక్కాలి, లేదంటే కురుపాం మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఇందులో గొప్పతనం గమనించారా? కట్టని వంతెనకి తుప్పు లేదు, బీట లేదు, కూలే భయం లేదు. ప్రతి ఎన్నికకీ కొత్తగా ఉంటుంది. నెలలు నిండిన మనిషిని డోలీలో మోసుకొచ్చేవాళ్లకి మాత్రం ఈ సౌలభ్యం ఎంత చెప్పినా బుర్రకెక్కదు.

తాత్కాలిక పద్ధతి ఇష్టమైతే బొబ్బిలి దగ్గర పారాది చూసి రండి. వేగావతి మీద పాత వంతెన బలహీనపడితే పక్కన తాత్కాలికంగా దారి వేశారు. ఏరు పొంగినప్పుడు అది పోయింది. మళ్లీ వేశారు.

కాగితాల సంగతికి భయపడకండి. 2016లో ఢిల్లీ వాళ్లు దేశంలోని వంతెనలన్నిటి చిట్టా రాయడం మొదలెట్టి, మనకి ఆధార్ ఇచ్చినట్టు ఒక్కో వంతెనకీ ఒక నంబరు ఇచ్చారు. నంబరొచ్చిన వంతెన బాగుపడినట్టే అనుకోవాలి. అనుమానం ఉంటే "వంతెన బలహీనంగా ఉన్నది, భారీ వాహనాలు నిషేధం" అని బోర్డు పెట్టించండి. బోర్డు పాతిన క్షణం నుంచి బాధ్యత డ్రైవరుది. గుజరాత్‌లో మహి నది మీద 1985లో కట్టిన గంభీర వంతెన 2025 జూలై 9న తెగిపడింది. అది పాడైందని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందే మొత్తుకున్నారట. తెగాక ఒక ట్యాంకరు చాలా రోజులు అంచునే వేలాడింది. ఆ బొమ్మ చూశాక మావాళ్లు కొందరు బస్సు వంతెనెక్కితే కిటికీ పక్కన కూర్చోవడం మానేశారు. అక్కడికి అదో భద్రతా చర్య.

చిన్న వంతెనలైతే లెక్కలోకే తీసుకోవద్దు. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర చెరువు తెగి నీళ్లొచ్చి రైలు కట్టనీ చిన్న వంతెననీ కోసుకుపోయాయి. తెల్లవారుజామున డెల్టా ప్యాసింజరు అందులో పడింది. వందమందికి పైగా పోయారు. దీని మీద నాకు వెటకారం రావడం లేదు, ముందుకెళదాం.

ఒక్క చెడ్డ ఉదాహరణకి మాత్రం దూరంగా ఉండండి. రాజమండ్రిలో హేవలాక్ వంతెన 1900లో వాడకంలోకి వచ్చి, 56 స్పాన్ల మీద గోదావరి దాటిస్తూ, 1997 దాకా రైళ్లు మోసింది. దొరలు కట్టారు కాబట్టి నిలిచిందని మావాళ్లంటారు. కాదు బాబూ. సుత్తి పట్టుకుని రివెట్లు తట్టి చూసేవాళ్లు, రంగు వేసేవాళ్లు, రాసుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి నిలిచింది. రోడ్లకీ ఒకప్పుడు మైలుకూలీ అని ఉండేవాడు. తన మైలులో గొట్టం పూడితే పొడిచేవాడు, మొక్క మొలిస్తే పీకేవాడు. ఆ పోస్టు భర్తీ చెయ్యమని రాయకండి. మొక్క పీకినందుకు శిలాఫలకం వెయ్యరు, గొట్టం పొడిచినందుకు రిబ్బను కత్తిరించరు.

ఇంత చెప్పినా మీకు పని చెయ్యాలనే దుర్బుద్ధి పుడితే, నేను చెప్పిన చిన్న వంతెన దగ్గరికే రండి. ఊళ్లోంచి వెళ్తుంటే ఎడమచేతి వైపు మూడో గొట్టం పూర్తిగా పూడిపోయింది. అరగంట పని. గునపం మా ఇంట్లో ఉంది.