మోత ఊరికి.. కోత జేబుకి!

నారాయణరావుపేట దిక్కు బుల్లెట్ వస్తోందంటే బండి కనబడకముందే ఊరందరికీ తెలుస్తుంది. మనోడు కంపెనీ సైలెన్సర్ పీకి డబ్‌డబ్ గొట్టం బిగించాడు మరి! 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్ల పొగగొట్టానికి ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. కొత్త గొట్టం అతుకులో సందుంటే బయటిగాలి దూరుతుంది. పాపం, ఆ సెన్సర్ ‘పెట్రోలు చాలట్లేదు’ అని కబురంపుతుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ అది నమ్మి పెట్రోలు ఇంకాస్త పోయిస్తుంది. మీటర్‌లో ఇంజిన్ లోపం చెప్పే పసుపు లైటు వెలిగితే, మనోడు అదీ డెకరేషనే అనుకుంటాడు! ఈ మోతకు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10 వేల దాకా జరిమానా, లేదా 3 నెలల దాకా జైలు, లేదంటే రెండూ.. ఆ ముచ్చట చెబితే మోతలో వినబడదాయె. మైలేజీ ఎందుకు పడిపోయిందిరా అంటే మాత్రం, బంకులో కల్తీ పోస్తున్నారట!